నిలుపుదలకు వెల

ఇరువదిమూడేండ్ల క్రిందట నాయొద్ద సంస్కృతము చదువుకొన్న బాలుడొకడు నేడు జర్మనీదేశమున స్టుట్‌గార్టు నగరమున కాపురమున్నాడు. శబ్దమంజరికంటె సైకిలు గొలుసుమీదనే వానికి భక్తి మెండుగా నుండెడిది. ఇప్పుడు ముప్పదియేడేండ్లవాడు, భార్యయు, నాలుగేండ్ల కూతురును గలవాడు, ఇద్దరు మిత్రులతో గూడి సాఫ్టువేరు వ్యాపారమొకటి పెట్టి, పండ్రెండేండ్లు కష్టపడి, దానిని మొన్న మంచి వెలకు అమ్మివేసినాడు. ఆ సొమ్ములో కొంత వెచ్చించి, ఆ నగరమునందే తయారగు పోర్షె 911 జీటీ3 అను కారును కొనదలచి నాకొక యుత్తరము వ్రాసెను. కారు నిశ్చయమైనదట, దాని బ్రేకులు నిశ్చయము కాలేదట. "మాస్టారూ, పోత ఇనుప డిస్కులు చాలంటారా, వేల యూరోలు అదనంగా పోసి సెరామిక్ డిస్కులు వేయించుకోమంటారా? పాప ఎక్కే బండి. భద్రత విషయంలో వెనుకాడకూడదని నా అభిప్రాయం. ఇక్కడ ఎవరిని అడిగినా బండి సంగతి చెబుతారు. మీరైతే నా సంగతి చెబుతారు" అని ముగించినాడు.

నేను నవ్వుకొంటిని. నాకున్నది స్కూటరు. దాని వెనుక బ్రేకు వదులైనప్పుడు మెకానిక్కు స్పానరుతో రెండు చుట్లు త్రిప్పి యిరువది రూపాయలు తీసికొనును. నా బ్రేకు విజ్ఞానము అంతటితో సరి. ఈ పత్రిక చదువు గృహస్థులలో నిట్టి కారు కొనువా రొక్కరైన నుందురని నేననుకొనను. జర్మనీలో దాని మూల్యము రెండులక్షల యూరోలకు పైమాట. అయినను ఆ యుత్తరమును ప్రక్కన బెట్టలేకపోతిని. దానితోపాటు తానెన్నుకొన్న వస్తువుల పట్టికను గూడ నతడు పంపియుండెను. మా పాఠశాలలోని భౌతికశాస్త్రపు పంతులుగారిని తోడు చేసికొని, పది సాయంకాలములు ఆ పట్టికను, కర్మాగారమువారు ప్రకటించిన వివరములను ముందుంచుకొని కూర్చుంటిని. చదివినకొలది నిది బ్రేకుల ప్రశ్న కాదని తోచెను.

ఈ కారును కొనువాడు దుకాణమునకు బోయి యెదుటనున్న బండిని తోలుకొనివచ్చుట యరుదు. కర్మాగారమువారు మొదట ప్రశ్నలడుగుదురు. వచ్చిన యుత్తరములనుబట్టి బండిని కట్టుదురు. ఆ ప్రశ్నలనే మావాడు ఆప్షన్లనుచున్నాడు. "ఐచ్ఛికములు" అనవచ్చును గాని, ఆ మాటలో నిచ్ఛ కనబడును, చిక్కు కనబడదు. రంగేది, సీటేది, కుట్టుదారపు వన్నె యేది, బెల్టు వన్నె యేది – ఇట్లు చాంతాడంత పట్టిక. వెలగల ప్రశ్నలకు డబ్బుసంచియే యుత్తరము చెప్పును. వెలలేని ప్రశ్నలే కష్టము. 2024లో వచ్చిన రూపమున గేర్లను చేతితో మార్చుకొనుటకును, యంత్రముచే మార్పించుటకును వెల యొకటే. వెనుక పెద్ద రెక్క గల బండికిని, రెక్కలేని టూరింగు బండికిని వెల యొకటే. ఆ రెక్క పందెపుదారిలో గాలి నాధారము చేసికొని బండిని నేలకదిమి పట్టును. ఊరి వీధులలో దాని ప్రయోజనము చూచువారి కన్నులకే. చేతిగేరుకంటె యంత్రపు గేరు త్వరగా మారునని యందరెరిగినదే. అయినను తెలిసి తెలిసి చేతిగేరునే కోరువారు కలరు. వారు నాకు గౌరవపాత్రులుగా తోచిరి. సెకండులో నొక చిన్న భాగమును పోగొట్టుకొని, తమ చేతికి పనిని నిలుపుకొన్నారు గదా! మా శిష్యుని పట్టికలో యంత్రపు గేరును, పెద్ద రెక్కయు, క్లబ్‌స్పోర్ట్ అను నొక కట్టును – అనగా సీట్ల వెనుక ఉక్కుగొట్టముల పంజరము, నడుపువానికి ఆరు కొనల బెల్టు, నిప్పునార్పు సీసా – వీనితోపాటు సెరామిక్ బ్రేకులును ఉన్నవి. వానికెదురుగా మాత్రము ప్రశ్నార్థకపు గుర్తు పెట్టియున్నది.

బ్రేకు బండిని ఆపునని మనమనుకొందుము. నిజమునకు అది వేగమును వేడిగా మార్చును, అంతే. మనిషితో గూడ 1,500 కిలోల బరువుండి, గంటకు 200 కిలోమీటర్ల వేగమున బోవు బండియందు దరిదాపు 23 లక్షల జౌళ్ల శక్తి యుండును. మా పంతులుగారు దీనిని వంటింటి లెక్కలోనికి దింపిరి. ముప్పది డిగ్రీల వెచ్చదనము గల ఎనిమిది లీటర్ల నీటిని మరుగు స్థితికి దెచ్చుటకు కావలసిన వేడి యది. మన గ్యాసుపొయ్యిమీద అరగంట పట్టును. గాలి పంచుకొన్నది పోగా, మిగిలిన వేడినంతను నాలుగు డిస్కులు అయిదారు సెకండ్లలో మ్రింగవలెను. వేగము సగమైనచో ఈ వేడి సగము కాదు, నాలుగవ వంతు. ఈ వర్గపు లెక్క తొమ్మిదవ తరగతిలో మేము నేర్పునదే. పరీక్షలో వ్రాసిన పిల్లవాడు కారు కొనునాటికి దానిని మరచియుండును.

ఆ వేడిని నేనొకమారు ముక్కుతో నెరుగుదును. కొన్నేండ్ల క్రిందట పిల్లలను అరకులోయకు గొనిపోయి, అనంతగిరి ఘాటుదారిన విశాఖపట్టణమునకు దిగుచుండగా బస్సులో కాలిన వాసన బయలుదేరెను. డ్రైవరు బస్సును ప్రక్కకు దీసి, చక్రముల క్రింద రాళ్లు పెట్టించి, గట్టుమీద కూర్చుండెను. రైలువేళ మించుచున్నదని నేను వానిని తొందరపెట్టితిని. "దిగేటప్పుడు రెండో గేరులో దించాలండి. ఇంజనే పట్టుకుంటుంది. పైనుంచి మీరు తొందర పెడుతుంటే మూడులో దించాను, బ్రేకు తొక్కుతూ వచ్చాను. ఇప్పుడు తొక్కితే పట్టదు. చల్లారాలి" అని యతడు చెప్పినప్పుడు నేను నోరు మూసికొంటిని. నలువదిమంది పిల్లలు ఆ లోయయంచున జామకాయలు కొనుక్కొని తినుచుండిరి. బ్రేకు చెడినది కాదు. వేడెక్కి ఓపిక నశించినది. వేడెక్కించినది నా తొందర.

ఇక ఆ రెండు విధముల డిస్కులు. పోత ఇనుపవి ముందు చక్రములకు 408 మిల్లీమీటర్లు, వెనుక చక్రములకు 380 మిల్లీమీటర్లు అడ్డుకొలత గలవి. మన యింటి అట్లపెనముకంటె పెద్దవి. సెరామిక్‌వి 410, 390. కొలతలలో భేదము స్వల్పము, పదార్థములోనే భేదము. కార్బన్ నారను జిగురుతో కలిపి అచ్చుపోసి, గాలి తగులకుండ కాల్చి, 1,414 డిగ్రీలవద్ద కరగు సిలికాన్‌ను దానిచే పీల్పింతురు. లోపల నది సిలికాన్ కార్బైడుగా మారి రాతివలె గట్టిపడును. 2001లో వెలువడిన 911 జీటీ2 కారుతో పోర్షెవారు దీనిని కొనువారికి అందించిరి. ఇనుప డిస్కు బరువులో దరిదాపు సగమే తూగును. త్రుప్పు పట్టదు; చక్రములమీద నల్లని మసిని దట్టముగా రాల్పదు; ఊరి ప్రయాణములకు మిక్కిలి యేండ్లు మన్నును. ఇన్ని గుణములుండగా సందేహమేల యని నేనును మొదట ననుకొంటిని.

అయితే పందెపుదారిపై తరచుగా, కఠినముగా నడుపునప్పుడు ఆ డిస్కులోని కార్బన్ వేడికి మెల్లమెల్లగా కాలిపోవును. డిస్కు బరువు తగ్గును. అరిగినదో లేదో తెలిసికొనుటకు తూచి చూడవలసి యుండును. మార్పవలసివచ్చినచో ఇనుప డిస్కుల వెలకు అనేక రెట్లు. అందుచేత తరచు పందెపుదారులకు పోవువారిలో పలువురు కావలెననియే ఇనుప డిస్కులను కోరుదురు. పోర్షెవారే పందెములకై కట్టు జీటీ3 కప్ అను బండికి లోహపు డిస్కులే వేయుదురు. వింత చూడుడు! నిత్యము పందెపుదారిన తిరుగువాడు చౌకదానితో తృప్తిపడుచున్నాడు. దానిని దూరమునుండి చూచినవాడు పందెము పేరు చెప్పి ఖరీదుదానిని కోరుచున్నాడు.

మరి పాప భద్రతయో? ఇచ్చటనే మావాని యుత్తరమున నాకు మొదటి ముల్లు తగిలినది. రోడ్డుమీద గంటకు 100 కిలోమీటర్ల వేగమున బోవుచు, ఎవరో యడ్డము వచ్చినందున బలముగా బ్రేకు త్రొక్కితిమనుకొందము. బండి యెంతదూరమున నిలుచునో నిర్ణయించునది డిస్కు కాదు. టైరు నేలను పట్టుకొను పట్టు. ఈ కారు ఇనుప బ్రేకులకు ఒక్కమారు చక్రములను బిగబట్టు శక్తి కావలసినదానికంటె నెక్కువే కలదు. కనుక ఆ యొక్క త్రొక్కులో ఇనుప డిస్కుల బండియు, సెరామిక్ డిస్కుల బండియు దాదాపు ఒకేచోట నిలుచును. భేదము కనబడునది ఒక్క త్రొక్కులో కాదు, వరుసగా ఏబది త్రొక్కులలో. న్యూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తరపు చుట్టు 20.8 కిలోమీటర్ల కొండదారి. దానిని విడువక చుట్టువానికి ఆ భేదము కావలెను. పాపను బడికి దింపువానికి అక్కరలేదు. దినదినమును భద్రత నిచ్చునది నాలుగు మంచి టైర్లు. వానిని గూర్చి పట్టికలో ఒక్కమాటయు లేదు.

నేను బ్రేకును తక్కువ చేయుచున్నానని యెవరును తలపరాదు. 1953లో ఫ్రాన్సుదేశమున లె మాన్ పట్టణమున జరిగిన ఇరువదినాలుగు గంటల పందెమును రోల్ట్, హామిల్టన్ అనువారు జాగ్వార్ సీ-టైపు కారుతో గెలిచిరి. వారి బండికి డిస్కు బ్రేకులుండెను. ఎదిరిపక్షములలో పెక్కింటికి పాతవగు డ్రమ్ము బ్రేకులే. తిన్నని దారి కొనను మలుపు వచ్చినప్పుడు ఇతరులు ముందుగానే వేగము తగ్గించుకొనవలసి వచ్చుచుండగా, వీరు మరికొంత దూరము పూర్తి వేగమున బోయి, పిమ్మట త్రొక్కగలిగిరి. ఆ పందెమున సగటు వేగము గంటకు నూరు మైళ్లు దాటుట అదియే మొదటిసారి. ఆపగలిగినవాడే వేగముగా పోగలిగెను. కఠోపనిషత్తులో శరీరము రథము, ఇంద్రియములు గుఱ్ఱములు, మనస్సు కళ్లెము, బుద్ధి సారథి యని యొక పోలిక కలదు. ఆ కళ్లెమును చదివినప్పుడెల్ల నాకొక సంగతి తోచుచుండును: గుఱ్ఱమును త్రిప్పుటకును, ఆపుటకును సారథి చేతనున్నది ఒకటే కళ్లెము. మనము కారులో రెండు పెడళ్లు పెట్టుకొన్నాము గనుక, వేగము వేరు, నిగ్రహము వేరు, ఒకటి సరదా, రెండవది శిక్ష యనుకొనుటకు అలవాటుపడితిమి.

ఇక బ్రేకును బాగుచేసికొన దలచినవాడు మొదట దేనిని ముట్టవలెను? తెలిసినవారు చెప్పునది డిస్కుల మాట కాదు. మనవారు బ్రేకు ఆయిలు అందురు. నిజమున కది నూనె కాదు, సాధారణముగా గ్లైకాల్ జాతి ద్రవము. దానికి గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డాట్ 4 అను తరగతి ద్రవము క్రొత్తగా నున్నప్పుడు 230 డిగ్రీలకు తక్కువ కాని వేడివద్ద మరుగవలెనని నియమము. తేమ పీల్చిన పిమ్మట ఆ హద్దు 155 వరకు దిగవచ్చును. ద్రవము నలుగదు గనుక కాలి ఒత్తిడి చక్రము దాకా పోవును. మరిగి ఆవిరి బుడగలు పుట్టినచో, ఆవిరి నలుగును. కాలు నేలదాకా పోవును, బండి మాత్రము పోవుచునే యుండును. ఆ ద్రవమును రెండేండ్లకొకమారు మార్పించిన చాలును, ఖర్చు స్వల్పము, కంటికి కనబడదు, పొరుగువాడు మెచ్చడు. తరువాతవి ప్యాడ్లు. పందెపుదారికై చేసినవి వేడెక్కిన గాని సరిగా పట్టవు. ఉదయమున చల్లని వీధిలో కీచుమనుచు, మొదటి త్రొక్కునకు మొండికెత్తును. కనుక ఇంటికొకటి, పందెమున కొకటి మార్చుకొను ఓపిక కావలెను. ఆ పిమ్మట, నేర్పు గురువు. ఒక దినము ప్రక్కసీటులో నిపుణుని కూర్చుండబెట్టుకొని యెచ్చట త్రొక్కవలెనో నేర్చుకొన్న లాభము, ఏ డిస్కు వలనను రాదని పందెపుదారుల వారందరు చెప్పుమాట.

ఇంతవరకు వ్రాసి, నా బీరువావంక చూచుకొంటిని. అందులో మహాభాష్యము సంపుటములు కలవు. ఇరువదియేండ్ల క్రిందట, రెండునెలల జీతములో మిగిలినదంతయు పెట్టి కొంటిని. పస్పశాహ్నికము దాటి నేను ముందుకు పోలేదు. అట్టి నాకు మావానిని తప్పుపట్టు నధికారమెక్కడిది? నేనును కాబోవు పండితునికొరకు కొంటిని. ఆ పండితుడు రాలేదు. మనుష్యుడు తాను ఉన్నవానికే వస్తువులు కొనుక్కొనవలెననినచో లోకములో వీణలు, వ్యాకరణములు, పరుగుపందెపు బూట్లు అమ్ముడు పోవు, ఆశకు చోటుండదు. ఆశకై కొనుట తప్పు కాదని నాకిప్పటికిని నమ్మకము. అయితే ఆశకును వేషమునకును భేదము కనుగొనుట యెట్లు? చౌక వస్తువులలో, చాటు పనులలో కనుగొనవచ్చునని నాకు తోచుచున్నది. నేను పండితుడనగుట నిజమైన యాశయే యైనచో, ఆ సంపుటములు కొనకముందే, అరువు తెచ్చిన చిన్న పుస్తకమును రాత్రులు మేల్కొని పూర్తిచేసియుందును. మావానికి పందెపుదారి నిజముగా ప్రాణమైనచో, ఇప్పుడున్న సామాన్యపు కారుకు ఆయిలు మార్చుకొని, ఒక దినమునకు గురువును కుదుర్చుకొని, ఏనాడో ఆ దారిన బోయియుండును.

ఈ కార్లలో ఇనుప బ్రేకుల పట్టుకారులకు – క్యాలిపరులందురు – సామాన్యముగా ఎఱుపు వన్నె, సెరామిక్ వానికి పసుపు వన్నె వేయుదురు. చక్రపు పుల్లల సందునుండి ఆ పసుపు దూరమునకు కనబడును. అరిస్టాటిల్ తన నీతిగ్రంథమున ఘనముగా వెచ్చించుట నొక సద్గుణముగా లెక్కించి, దాని ప్రక్కనే దాని వికారమును గూడ చూపెను: స్వల్పము చాలినచోట, తన కలిమి కనబడుటకై పెద్దగా వెచ్చించువాడు. ఆతడు దుష్టుడని చెప్పలేదు. వానికి అభిరుచి లేదనెను. నేను అంతమాత్రము గూడ అననొల్లను. పసుపు అందమైనదే. మన యిండ్లలో పెండ్లికూతురికి నగ పెట్టునప్పుడు "ఆపదకు అక్కరకు వచ్చును" అని చెప్పికొని పెట్టుదుము. ఆపద వచ్చినప్పుడు ఆ నగను అమ్మనిచ్చినవారెందరు? నగ నగయే. దానిని బీమా అనుటవలన కలుగు నష్టమొక్కటి కలదు: నిజమైన బీమా చేయవలసిన యవసరము మరచిపోవుదుము. పసుపు వన్నెను భద్రత యన్నవాడు టైర్లను మరచినాడు.

మరియొక ముల్లు మిగిలియున్నది. పట్టికను పదవసారి చదువునప్పుడు గాని నా కంటబడలేదు. నాడు రాత్రి ఫోను చేసితిని.

"ఏమిరా, పాప ఎక్కే బండి అన్నావు. పాప ఎక్కడ కూర్చుంటుంది?"

కొంతసేపు మాట లేదు. "ముందు సీట్లో, మాస్టారూ. ఎప్పుడైనా."

"మీ ఆవిడ?"

మరల మాట లేదు. 2024లో వచ్చిన ఈ రూపమున, రెక్కలేని టూరింగు బండికి వెనుక రెండు చిన్న సీట్లు కోరిన వేయుదురు; జీటీ3 వరుసలో నది మొదటిసారి. మావాడు ఆ సంగతి ఎరుగును. ఎరిగియే, ఆ సీట్లకు చోటుండని బండిని ఎన్నుకొని, వెనుక ఉక్కుపంజరమును పెట్టించినాడు. బ్రేకుల ప్రశ్నను మాత్రము నాకు పంపినాడు.

"పందెపుదారికి ఏడాదికి నాలుగుసార్లయినా వెళ్దామని ఉంది, మాస్టారూ."

"పోయిన ఏడాది ఎన్నిసార్లు వెళ్లావు?"

"ఒక్కసారి. అదీ చూడడానికి."

నేను మరేమియు అనలేదు. అనవలసినది నాకు తోచలేదు గూడ. పండ్రెండేండ్లు ఆదివారములు లేక పనిచేసినవానికి ఒంటరిగా ఒక దారిన వేగముగా బోవలెనని కోరిక కలుగుట తప్పా? ఆ పండ్రెండేండ్లును వానితోపాటు ఆదివారములు లేనిది మరియొకతె కలదు. ఆమె నెవరైన అడిగిరా? ఈ రెండు ప్రశ్నలలో మొదటిది వాని తరపునను, రెండవది ఆమె తరపునను నాలో చాలసేపు వాదించుకొన్నవి. బ్రేకుల లెక్కవలె దీనికి పంతులుగారి సాయము దొరకదు.

మూడువారములకు క్రొత్త పట్టిక వచ్చెను. రెక్క లేదు. పంజరము లేదు. వెనుక రెండు సీట్లు చేరినవి. గేరు చేతిగేరు, అది ఎందులకు మారెనో వ్రాయలేదు, నేనడుగలేదు. పట్టిక చివర సెరామిక్ డిస్కులు మాత్రము కదలక యున్నవి. ప్రశ్నార్థకపు గుర్తు పోయినది. దాని ప్రక్కన తెలుగులో చిన్న అక్షరములతో, "భద్రతకు కాదు మాస్టారూ. ఆ పసుపు రంగంటే నాకిష్టం" అని వ్రాసియుండెను.

నేను జాబు వ్రాసితిని. చక్రము విప్పునప్పుడును బిగించునప్పుడును దాని అంచు డిస్కుకు తగిలినచో ఆ పదార్థము పెచ్చులూడునని చదివితిని, కావున ఆ పని తెలిసినవానిచేతనే చేయింపుమనియు, ఆయిలు మార్పించిన తేదీని ఒక కాగితముపై వ్రాసి బండిలో నుంచుకొమ్మనియు తెలిపితిని. వెనుక సీటు కొలత పాప సీటుకు సరిపోవునో లేదో బండి రాకముందే చూచుకొమ్మని క్రింద మరియొక వాక్యము చేర్చితిని.